నీరు నిలిచే పావుగంట

కెనడా పశ్చిమ తీరాన, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని వాంకూవర్ దీవి ఉత్తరపు కొసకు దగ్గరలో పోర్ట్ హార్డీ అనే చిన్న రేవు పట్టణం ఉంది. దానికి ఎదురుగా, క్వీన్ షార్లెట్ జలసంధిలో చెదురుమదురుగా ఉన్న దీవులలో నైజీ, బాలక్లావా అనే రెండింటి నడుమ ఇరుకుగా సాగే నీటిదారిని బ్రౌనింగ్ పాస్ అంటారు. ఈ దారిలో నైజీ దీవి ఒడ్డు క్రమంగా పల్లమై సముద్రంలో కలవదు. చెట్ల కొమ్మలు నీటి మీదికి వంగి ఉన్న చోటనే రాయి నిట్టనిలువుగా తెగి, అరవై మీటర్లకు పైబడిన లోతు దాకా గోడై దిగిపోతుంది. గాలి సిలిండరు వీపున కట్టుకుని నీటి అడుగున తిరిగే స్కూబా డైవర్లు ఈ రాతిగోడను చూడటానికి దూరదేశాల నుంచి వస్తారు. ఉష్ణమండలపు పగడపు దిబ్బల దగ్గర దొరికే వెచ్చదనం, తేటనీరు, నెమ్మది ఇక్కడ కరవు. ఏడాది పొడవునా నీటి ఉష్ణోగ్రత 7 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలోనే ఉంటుంది, వసంతం వచ్చిందంటే నీరు పచ్చగా మసకబారుతుంది, రోజులో ఎక్కువసేపు ప్రవాహం మనిషిని నిలదొక్కుకోనివ్వదు. అయినా రాయి కంటికి ఆననంత ఒత్తుగా జీవులు ఆ గోడను కప్పి ఉంటాయి. ప్రమాదమూ సమృద్ధీ ఒకే కారణం నుంచి పుట్టాయనీ, ఆ కారణం ప్రవాహమేననీ గ్రహిస్తే తప్ప ఈ చోటు అర్థం కాదు.

సముద్రంలో ప్రవాహాలు పుట్టడానికి గాలి, ఉష్ణోగ్రత, లవణీయత వంటి కారణాలు అనేకం ఉన్నప్పటికీ, ఈ తీరంలో ప్రధానమైనవి చంద్రసూర్యుల ఆకర్షణ వల్ల కలిగే ఆటుపోట్లు. పోటుతో పాయలోకి రావడం, పాటుతో సముద్రంలోకి పోవడం గోదావరి మొగల్లోని మత్స్యకారులకు తెలిసిన విద్యే. అయితే విశాఖపట్నంలో నీటిమట్టపు హెచ్చుతగ్గుల మధ్య తేడా రెండు మీటర్ల లోపే ఉండగా, పోర్ట్ హార్డీ దగ్గర అమావాస్య, పున్నములకు అటూ ఇటూగా అది అయిదు మీటర్ల దాకా పోతుంది. గుజరాత్‌లోని భావ్‌నగర్ తీరంలో పది మీటర్లు దాటే తేడా ముందు ఇదీ చిన్నదే కాని, బ్రిటిష్ కొలంబియాలో మట్టపు తేడా కంటె నేల తీరు ముఖ్యం. పూర్వం హిమానీనదాలు కొండల్ని తొలిచి, పదుల కిలోమీటర్ల పొడవున లోతైన సన్నని పాయలను ఏర్పరచాయి. ఫియోర్డులు అని పిలిచే ఈ పాయలలో కొన్నింటికి సముద్రం వైపు ఉన్న వాకిలి చాలా ఇరుకు. బయట సముద్రం పొంగినంత వేగంగా లోపలి నీరు ఆ సందులోంచి నిండలేదు, బయట తీసినంత వేగంగా ఖాళీ కాలేదు. కాబట్టి లోపలికీ బయటికీ మట్టంలో తేడా వస్తుంది, ఆ తేడాను సరిచేసుకునే ప్రయత్నంలో నీరు సందులో పరుగెత్తుతుంది.

దీనికి పరాకాష్ఠ బ్రౌనింగ్ పాస్‌కు ఎదుటి వైపున, ప్రధాన భూభాగపు ఒడ్డున ఉన్న నాక్వాక్టో రాపిడ్స్. సీమూర్, బెలీజ్ అనే రెండు పొడవాటి పాయల నీరంతా ఆ ఒక్క ద్వారం గుండానే రావాలి, పోవాలి. పాటు సమయంలో అక్కడి వేగం 14 నుంచి 16 నాట్ల దాకా ఉంటుందని లెక్కకట్టారు. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు కనుక, ఇది గంటకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో సమానం, ఉప్పునీటి ప్రవాహాలలో ప్రపంచంలోనే అత్యంత వేగవంతమైన వాటిలో ఒకటి. ఆ ద్వారం నడిమధ్యన టరెట్ రాక్ అనే చిన్న రాతి దీవి ఉంది. ప్రవాహం ఉధృతంగా ఉన్నప్పుడు దాని మీద నిలబడినవారికి నేల కంపిస్తున్నట్టు తెలుస్తుందని దానికి వణికే దీవి అనే పేరు కూడా వచ్చింది. ఆ వేగాన్ని జయించి దీవి మీద కాలుపెట్టినవారు తమ పడవల పేర్లు చెక్కిన పలకలను అక్కడి చెట్లకు దిగగొట్టి పోవడం ఆనవాయితీగా వస్తోంది.

ఈ తీరపు ఇరుకుదారులను నావికులు ఎంతగా ద్వేషించారో చెప్పడానికి సీమూర్ నారోస్ కథ ఒక్కటి చాలు. వాంకూవర్ దీవి తూర్పు తీరంలోని ఆ సందులో నీటి ఉపరితలానికి కొద్ది మీటర్ల కిందనే రిపుల్ రాక్ అనే జంట శిఖరాల రాతికొండ ఉండేది. ప్రవాహమూ కొండా కలిసి వందకు పైగా ఓడలను, పడవలను ముంచడమో దెబ్బతీయడమో చేశాయి, వందమందికి పైగా ప్రాణాలు తీశాయి. నీటి పైనుంచి తొలిచి పేల్చాలని 1940లలో చేసిన ప్రయత్నాలు ప్రవాహం ముందు విఫలమయ్యాయి. చివరికి పక్కనున్న మాడ్ దీవి మీద బావి తవ్వి, అక్కడి నుంచి సముద్రగర్భం కింద సొరంగం వేసి, కొండలోకి కిందినుంచి ఎక్కి, 1,270 టన్నుల పేలుడు పదార్థాన్ని కూరి, 1958 ఏప్రిల్ 5న దానిని పేల్చివేశారు. అణ్వస్త్రాలు కాక మనిషి ఉద్దేశపూర్వకంగా చేసిన పేలుళ్లలో అప్పటికి అతిపెద్దవాటిలో ఇది ఒకటి. కెనడా ప్రజలు దీన్ని టెలివిజన్‌లో ప్రత్యక్షంగా చూశారు. కొండ పోయింది కాని ప్రవాహం పోలేదు, అది ఇప్పటికీ 15 నాట్లకు చేరుతూనే ఉంది.

ప్రవాహం దిశ మార్చుకునే ముందు కాసేపు నెమ్మదించి, ఆగినంత పని చేస్తుంది. డైవర్లు స్లాక్ అని పిలిచే ఈ విరామమే వారికి దొరికే అవకాశం. స్లాక్ వచ్చే వేళ తెలుసుకోవడం తేలికని, గరిష్ఠ మట్టం వచ్చిన వేళే ప్రవాహం ఆగుతుందని కొత్తవారు పొరబడతారు. ప్రమాదాలకు దారితీసే అపోహలలో ఇది మొదటి వరుసలోనిది. విశాలమైన తీరంలో అది కొంతవరకు నిజం కావచ్చు గాని, ఇరుకు ద్వారం వెనుక పెద్ద పాయ ఉన్నచోట బయటి మట్టం గరిష్ఠానికి చేరిన తరువాత కూడా లోపలి మట్టం ఇంకా తక్కువగానే ఉండి, నీరు లోపలికి పోతూనే ఉంటుంది. రెండు మట్టాలూ సమానమైనప్పుడే, అంటే బయట నీరు తీయడం మొదలై చాలాసేపయ్యాకే, ప్రవాహం ఆగుతుంది. అందుకే కెనడా జలమాపక విభాగం ప్రతి సంవత్సరం ప్రచురించే పట్టికలలో నీటిమట్టాల వేళలు వేరుగా, ప్రవాహాల వేళలు వేరుగా ఇస్తారు. స్లాక్ ఎంతసేపు ఉంటుందన్నది ఆ రోజు ఆటుపోట్ల తీవ్రతను బట్టి మారుతుంది. అష్టమి, నవముల ప్రాంతంలో చంద్రసూర్యుల ఆకర్షణలు ఒకదానినొకటి కొంత తగ్గించుకోవడంతో ప్రవాహం మందగించి విరామం సాగుతుంది. పున్నమి, అమావాస్యలకు అది కుంచించుకుపోతుంది. బ్రౌనింగ్ వంటి చోట అదృష్టం బాగుంటే అరగంట దాటవచ్చు, నాక్వాక్టోలో కొన్ని నిమిషాలే.

పట్టిక చెప్పినదాన్ని కన్ను సరిచూసుకోవాలి. వర్షపాతం, గాలి, వాతావరణ పీడనం వల్ల అసలు వేళ ముందుకో వెనక్కో జరుగుతుంది కనుక అనుభవజ్ఞుడైన సరంగు డైవర్లను వెంటనే నీళ్లలోకి దించడు. పడవను గోడకు దూరంగా ఆపి కెల్ప్‌ను చూస్తాడు. కెల్ప్ అంటే సముద్రపు పెద్ద నాచు. ఈ తీరంలో కనిపించే బుల్ కెల్ప్ అనే రకం వసంతంలో మొలకెత్తి ఒక్క వేసవిలోనే ముప్పై మీటర్ల దాకా పెరిగి, చలికాలపు తుపానులకు కొట్టుకుపోతుంది. దాని కాడ చివరన గాలితిత్తి ఉంటుంది, ఆ తిత్తిలోని వాయువులలో విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉండటం విచిత్రం. ప్రవాహం బలంగా ఉన్నప్పుడు తిత్తులు నీటి కిందికి లాగబడి కనిపించకుండా పోతాయి. నెమ్మదించేకొద్దీ ఒక్కొక్కటే పైకి తేలుతాయి, ఆకులు ఒకవైపుకు బారుగా సాగి ఉన్నవి మెల్లగా వదులవుతాయి. ఆకులు ఏ వైపుకూ సాగక వేలాడే క్షణం కంటె కొంచెం ముందుగా, ప్రవాహం ఇంకా సన్నగా ఉండగానే దిగడం మంచి పద్ధతి. పూర్తిగా నిలిచాక దిగినవారికి తిరుగు ప్రవాహం మొదలయ్యే లోపు మిగిలే సమయం తక్కువ.

ఇంత జాగ్రత్త ఎందుకన్నది లెక్క వేస్తే తెలుస్తుంది. నీటిలో ఉన్న శరీరం మీద ప్రవాహం చూపే ఒత్తిడి వేగానికి కాక వేగపు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది: వేగం రెట్టింపయితే ఒత్తిడి నాలుగింతలు, మూడింతలయితే తొమ్మిదింతలు. పైగా సముద్రపు నీరు గాలికంటె ఎనిమిది వందల రెట్లకు పైగా సాంద్రమైనది. ఈ రెండిటినీ కలిపి చూస్తే, ఒక్క నాట్ నీటి ప్రవాహం మనిషిని తోసే బలం గంటకు యాభై కిలోమీటర్లకు మించిన గాలితో దాదాపు సమానం. మూడున్నర నాట్ల ప్రవాహం 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ తుపాను గాలికి సాటి వస్తుంది. సిలిండరు, మందపాటి సూట్, బరువులు, దీపం, కెమెరా మోస్తున్న సగటు డైవర్ కాసేపు నిలకడగా ఈదగలిగే వేగం ఒక నాట్‌కు అటూ ఇటూ. ప్రవాహానికి ఎదురీదడం కండబలానికి సంబంధించిన విషయం కానే కాదని, ఆ పోటీలో ఒలింపిక్ ఈతగాడు కూడా నెగ్గడని ఈ అంకెలే చెబుతాయి.

ఎదురీదితే గాలి కూడా కరిగిపోతుంది. పన్నెండు లీటర్ల సిలిండరులో 200 బార్ పీడనంతో నింపిన గాలి, మామూలు వాతావరణ పీడనానికి విప్పి చూస్తే 2,400 లీటర్లు. బార్ అంటే సుమారుగా భూమి మీది వాతావరణం కలిగించే పీడనం. నీటిలో ప్రతి పది మీటర్ల లోతుకు ఒక్కో బార్ పెరుగుతుంది కనుక, ఇరవై మీటర్ల దగ్గర మొత్తం మూడు బార్లు, పీల్చే ప్రతి శ్వాసలో పట్టే గాలి పైన పీల్చినదానికి మూడింతలు. నెమ్మదిగా తిరిగే మనిషికి పైన నిమిషానికి ఇరవై లీటర్లు కావాలనుకుంటే అక్కడ అరవై కావాలి. నాలుగోవంతు గాలిని అత్యవసరానికి అట్టేపెట్టుకుంటే మిగిలినది ముప్పై నిమిషాలకు వస్తుంది. అదే మనిషి కంగారుపడి, ప్రవాహం మీద కాళ్లు కొట్టుకుంటూ ఆయాసపడితే వాడకం మూడింతలయి, అరగంట పది నిమిషాలకు కుంచించుకుపోతుంది. ఆయాసంలో ఊపిరితిత్తులు బొగ్గుపులుసు వాయువును పూర్తిగా బయటికి పంపలేవు, అది రక్తంలో పేరుకుని మరింత కంగారును, మరింత ఆయాసాన్ని పుట్టిస్తుంది. ఈ సుడిలో పడి బుద్ధి పనిచేయక చేసిన తప్పుల వల్లనే చాలా ప్రమాదాలు జరుగుతాయి.

నిలువు గోడ దగ్గర మరొక చిక్కు ఉంది. సమతల ప్రదేశంలో ప్రవాహం పక్కకు మాత్రమే తోస్తుంది, గోడకు తగిలిన ప్రవాహం మాత్రం చీలి కొంత పక్కలకు, కొంత పైకి, కొంత కిందికి మళ్లుతుంది. కిందికి మళ్లిన పాయలో చిక్కిన డైవర్‌కు తాను దిగిపోతున్నట్టు వెంటనే తెలియదు, ఎందుకంటే ఎదుట రాయి, చుట్టూ పచ్చని నీరు తప్ప లోతును పోల్చుకోవడానికి మరేమీ ఉండదు. అతనికి మొదటి హెచ్చరిక తన బుడగలే: ఊపిరి వదిలినప్పుడు పైకి పోవలసిన బుడగలు ముఖం చుట్టూ తిరుగుతుంటేనో, కిందికి పోతుంటేనో అది దిగుడు ప్రవాహమే. అప్పుడు పైకి ఈదడానికి పెనుగులాడటం కంటె గోడకు దూరంగా, అడ్డంగా ఈది ఆ పాయలోంచి బయటపడాలని, లేదా రాతిని పట్టుకుని ఆగాలని శిక్షణలో చెబుతారు. తేలడానికి తొడిగే గాలి జాకెట్‌ను నింపుకోవడమూ ఒక మార్గమే గాని, పాయ వదిలిన మరుక్షణం ఆ గాలి వ్యాకోచించి మనిషిని అదుపులేకుండా పైకి విసురుతుంది. త్వరగా పైకి వచ్చినవారి రక్తంలో కరిగి ఉన్న నైట్రోజన్ బుడగలుగా విడిపోయి కీళ్లకు, నరాలకు హాని చేస్తుంది, ఊపిరి బిగబట్టినవారికి ఊపిరితిత్తులే చిరుగుతాయి. కాబట్టి నింపిన చేతితోనే ఆ గాలిని వదలడానికి సిద్ధంగా ఉండాలి. గోడ మలుపుల వెనుక, ముందుకు పొడుచుకొచ్చిన రాళ్ల చాటున నీరు నెమ్మదిగా తిరిగే చోట్లు ఉంటాయి. అలవాటైన డైవర్ వాటి నుంచి వాటికి మజిలీలు చేసుకుంటూ పోతాడు. చేపలు ఎటువైపు తల పెట్టాయో, గోడ మీది మెత్తని జీవులు ఎటు వంగాయో చూసి ముందున్న నీటి స్వభావాన్ని పసిగడతాడు. పైకి వచ్చేటప్పుడు గాలి నింపిన పొడవాటి గొట్టాన్ని తాడుతో ముందుగా పైకి వదిలితే, పడవ లంగరు వేయకుండా వెంట తిరుగుతున్న సరంగు దాన్ని చూసి మనుషులను ఏరుకుంటాడు.

చలికి మందు డ్రై సూట్. మెడ దగ్గర, మణికట్ల దగ్గర నీరు చొరకుండా బిగించి, లోపల ఉన్ని దుస్తులతో పొడిగా ఉండే ఈ తొడుగు లేకుండా ఎనిమిది డిగ్రీల నీటిలో ఎక్కువసేపు ఉండటం కష్టం. సిలిండరులోని గాలి పీడనాన్ని ఊపిరికి తగినంతగా తగ్గించే రెగ్యులేటర్‌కూ చలి బెడద తప్పదు, ఎందుకంటే ఒత్తిడిలోంచి విడుదలైన గాలి ఒక్కసారిగా వ్యాకోచించి ఇంకా చల్లబడి, యంత్రంలో తేమ గడ్డకట్టి, గాలి ఆగకుండా బుసకొట్టవచ్చు. ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే గాలి ఇచ్చే ఈ సాధనాన్ని 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కుస్తోతో కలిసి రూపొందించిన ఇంజినీరు ఎమిల్ గాన్యాన్, యుద్ధం తరువాత కెనడాకే వలసవచ్చి మాంట్రియల్‌లో స్థిరపడ్డాడు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకుని గోడ దగ్గరకు చేరినవారికి తొలిచూపులో అంతా పచ్చ, బూడిద, నలుపు. నీరు కాంతిలోని ఎరుపును మొదటి కొద్ది మీటర్లలోనే మింగేస్తుంది కనుక పదిహేను మీటర్ల కింద రక్తవర్ణం కూడా మసిలా కనిపిస్తుంది. దీపం వెలిగించిన చోట మాత్రం, అరచేతి వెడల్పున, గోడ ఒక్కసారిగా ముదురు ఎరుపుకు తిరుగుతుంది: అది గెర్సీమియా అనే మెత్తని పగడం, బ్రౌనింగ్ గోడకు ప్రసిద్ధి తెచ్చిన జీవి. దగ్గరగా వెళ్లి చూస్తే ఎర్రని కండగల బొడిపెల మీద పాలిపోయిన చిన్నచిన్న పువ్వుల వంటివి విచ్చుకుని ఉంటాయి; ఒక్కొక్కటీ ఎనిమిది స్పర్శకాలు, అంటే ఆహారాన్ని తాకి పట్టుకునే సన్నని చేతులు, గల విడి జీవి. డైవర్ చేతి కదలికకు నీరు కాస్త అదిరినా అవి ముడుచుకుని బొడిపెలోకి పోతాయి. వాటి సందుల్లో పసుపు రంగు స్పంజికలు, గులాబీరంగు సున్నపు నాచులు, బార్నకిల్ అనే జీవుల పెంకులు, ఆ పెంకుల మీద మళ్లీ వేరే జీవులు. రాయి మీద ఖాళీ లేక ఒకదాని మీద ఒకటి కాపురం పెట్టడం ఇక్కడి సామాన్య నియమం.

ఈ రద్దీకి కారణాలు వెతికితే అన్నీ ప్రవాహం దగ్గరకే చేరుతాయి. ఇరుకుదారుల్లో నీరు సుడులు తిరుగుతూ అడుగునున్న నైట్రేట్లు, ఫాస్ఫేట్లు వంటి పోషకాలను పైకి తెస్తుంది; వాటితో సూర్యకాంతిలో సూక్ష్మమైన వృక్షప్లవకాలు పెరుగుతాయి, వాటిని తినే జంతుప్లవకాలు పెరుగుతాయి. వేసవిలో నీరు మసకబారడానికి కారణం ఇవే. డైవర్‌కు చూపు తగ్గించేది గోడకు భోజనం. చల్లని నీటిలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది, ఎనిమిది డిగ్రీల సముద్రజలంలో బంగాళాఖాతపు వెచ్చని నీటికంటె సుమారు ఒకటిన్నర రెట్లు. గోడ నిలువుగా ఉండటంతో బురద పేరుకోదు, నీడ పడటంతో కిందిభాగంలో నాచులు పెరిగి చోటు ఆక్రమించలేవు. మిగిలిన చోటంతా కదలకుండా కూర్చుని, నీరు తెచ్చిపెట్టినదాన్ని పట్టి తినే జంతువులది. వేటాడటానికి తిరగనక్కరలేని ఈ జీవులకు ప్రవాహం ఆగడమంటే వంట ఆగడమే.

తినే తీరులో ఒక్కొక్కదానిది ఒక్కో ఉపాయం. మీటరు ఎత్తు దాకా పెరిగే తెల్లని ప్లూమోస్ ఎనిమోన్ అనే జీవి మెత్తని కాండం మీద వందలాది సన్నని స్పర్శకాల కిరీటంతో నిలబడుతుంది. ఇలాంటి మెత్తని శరీరం ప్రవాహానికి తెగిపోకుండా ఎలా ఉంటుందన్న ప్రశ్నను అమెరికన్ శాస్త్రవేత్త మిమీ కోల్ 1970లలో పరిశీలించారు. ఈ జాతి కాండం కిరీటానికి కొంచెం కిందుగా వంగడానికి అనువుగా ఉండటంతో, నీరు తోసినప్పుడు వంపు అక్కడే వచ్చి, స్పర్శకాలు ప్రవాహానికి అడ్డంగా పరచుకుంటాయని, అంటే లొంగిపోవడమే ఆ జీవికి తిండి పట్టే భంగిమ అవుతుందని ఆమె చూపారు. అలలు విరుచుకుపడే బండల మీద బతికే మరొక ఎనిమోన్ పొట్టిగా, లావుగా ఉండి, రాయిని ఆనుకుని ఉండే నెమ్మది నీటి పొరలో తలదాచుకుంటుంది. బార్నకిల్ తన తలను రాయికి అతికించుకుని, ఈకల వంటి కాళ్లను బయటికి చాచి నీటిని దువ్వుతుంది. ప్రవాహం బలంగా ఉన్న చోట పెరిగినవాటికి ఆ కాళ్లు పొట్టిగా, దృఢంగా తయారవుతాయని ఈ తీరంలోని ఒక జాతి మీద చేసిన ప్రయోగాలు తేల్చాయి. బాస్కెట్ స్టార్ అనే జీవి తన అయిదు చేతులను కొమ్మలుగా, ఆ కొమ్మలను రెమ్మలుగా విప్పి, విసరడానికి పరచిన వలలాగా ప్రవాహానికి అడ్డం పెట్టి, చిక్కిన ప్లవకాలను ఒక్కొక్క రెమ్మనే చుట్టి నోటికి అందించుకుంటుంది. గోడ పగుళ్లలో జెయింట్ పసిఫిక్ ఆక్టోపస్ కాపురం ఉంటుంది. దాని గుమ్మం ముందు పీతల డొప్పలు, గవ్వల ముక్కలు కుప్పపడి ఉంటే లోపల మనిషి ఉన్నట్టే లెక్క. రాక్ ఫిష్ అనే చేపలు ప్రవాహపు చాటున కదలకుండా నిలిచి ఉంటాయి. వీటిలో నారింజ రంగుతో మెరిసే యెల్లో ఐ జాతి వందేళ్లు దాటి బతుకుతుంది, కాని లోతునుంచి గాలానికి లాగితే పీడనం తగ్గి గాలితిత్తి ఉబ్బి చచ్చిపోతుంది; నిదానంగా పెరిగే ఈ జాతుల కోసం కెనడా ప్రభుత్వం తీరమంతటా వేట నిషిద్ధ ప్రాంతాలను ప్రకటించవలసి వచ్చింది.

నాక్వాక్టోలో ఇంకొక వింత ఉంది. మెడ పొడవైన గూస్‌నెక్ బార్నకిల్ సాధారణంగా బహిరంగ సముద్రపు అలలు బాదే బండల మీద, ఆటుపోట్ల గీతల మధ్య బతుకుతుంది. టరెట్ రాక్ మీద అది అలలు లేకున్నా, పోటు పాటుల పరిధికి కిందుగా కూడా, మందలుగా బతుకుతోంది. అలల పని అక్కడ ప్రవాహమే చేస్తోందన్నమాట. పైగా ఇక్కడి వాటి పెంకుల అంచులు లత్తుక పూసినంత ఎర్రగా ఉంటాయి. నల్లని వర్ణకం లోపించడంతో లోపలి రక్తపు ఎరుపు బయటికి కనిపిస్తోందని దీనికి వివరణ చెబుతారు. ఈ రాపిడ్స్‌కు పేరిచ్చిన నాక్వాఖ్‌దాఖ్ ప్రజలు ఈ పాయల ఒడ్డున తరతరాలుగా ఉండేవారు, ఏ వేళ ఏ ద్వారం తెరుచుకుంటుందో పట్టికలు అచ్చుకాక ముందే ఎరిగినవారు. 1964లో కెనడా ప్రభుత్వం వారిని, వారి ఇరుగుపొరుగైన గ్వాసాలా ప్రజలను, సౌకర్యాలు కల్పిస్తామన్న హామీతో పోర్ట్ హార్డీ పక్కకు తరలించింది. చేరాక చూస్తే చెప్పినన్ని ఇళ్లు లేవు. డైవింగ్ గ్రంథాలు బార్నకిల్ ఎరుపు గురించి రాసినంతగా ఈ విషయం రాయకపోవడం బాగాలేదు.

మనిషికి ఈ గోడ గురించి తెలిసినదంతా దాదాపుగా స్లాక్‌లో చూసినదే కావడం గమనించదగినది. గోడ మీది జీవుల అసలు పని, అంటే తిండి పట్టడం, ప్రవాహం ఉన్నప్పుడు సాగుతుంది. చూడగలిగిన మనిషి అక్కడికి చేరేది ఆ పని మందగించినప్పుడు. మిగతా వేళల సంగతి తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు ప్రయోగశాలల్లో కృత్రిమ ప్రవాహపు తొట్లు కట్టుకుంటారు, రాతికి పరికరాలు బిగించి వస్తారు. అయితే పావుగంట చూపులకు విలువ లేదనుకోనక్కరలేదు, 2013 తరువాత జరిగినది అందుకు నిదర్శనం.

ఆ ఏడాది నుంచి ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలో నక్షత్ర చేపలకు ఒక రోగం సోకి, చేతులు మెలితిరిగి, ఊడి, శరీరం కరిగిపోయి కుప్పలుగా చచ్చాయి. అన్నిటికంటె ఎక్కువ నష్టపోయినది సన్‌ఫ్లవర్ స్టార్. మీటరు వెడల్పు, ఇరవై నాలుగు దాకా చేతులు గల ఈ వేటగాడు కెల్ప్‌ను మేసే సీ అర్చిన్లను, అంటే ఒళ్లంతా ముళ్లున్న గుండ్రని జీవులను, తిని వాటిని అదుపులో ఉంచేది. అది పోయిన అనేక చోట్ల అర్చిన్లు పెరిగి కెల్ప్ అడవుల్ని కొరికేశాయి. బొచ్చుతోళ్ల వ్యాపారం కోసం వేటాడి తుడిచిపెట్టిన సీ ఓటర్లను, అంటే సముద్రపు నీటికుక్కలను, 1969, 1972 మధ్య అలాస్కా నుంచి 89 తెచ్చి వాంకూవర్ దీవి పడమటి తీరాన వదిలారు, అవి కూడా అర్చిన్లను తింటాయి కనుక అవి విస్తరించిన చోట్ల నష్టం కొంత తక్కువ. 2020లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం సన్‌ఫ్లవర్ స్టార్‌ను అంతరించే ప్రమాదం అతితీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. రోగకారకం విబ్రియో పెక్టెనిసిడా అనే బాక్టీరియా అని 2025లో గాని తేలలేదు.

ఈ పతనం ఎంత లోతుదో లెక్కగట్టడానికి శాస్త్రవేత్త డ్రూ హార్వెల్, ఆమె సహచరులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో లోతు సముద్రంలో వలలు లాగిన ప్రభుత్వ సర్వేలతో పాటు సరదాకు మునిగే డైవర్ల నమోదులను కూడా వాడుకున్నారు. రీఫ్ ఎన్విరాన్‌మెంటల్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ పద్ధతి ప్రకారం డైవర్ నీటి కిందనే ప్లాస్టిక్ పలక మీద తాను చూసిన ప్రతి జాతి పేరు ఎదుట ఒకటే కనిపించిందా, పది లోపా, వంద లోపా, వంద దాటిందా అని నాలుగు తరగతులలో ఒక గుర్తు పెడతాడు. గుర్తుపెట్టని జాతి ఆ మునకలో కనిపించనట్టే లెక్క. 2013కు ముందు కెనడా, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర తీరాల పలకల మీద సన్‌ఫ్లవర్ స్టార్ ఎదుట గుర్తు పెట్టడం ఎంత మామూలంటే, చాలామంది డైవర్లు దాన్ని ఫొటో తీయాలని కూడా అనుకునేవారు కాదు.